చివరిగా తీసుకున్నవారు

మా లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఎవరు తయారు చేశారని అడిగితే నేనే అని చెప్పుకుంటాను. అది సగం నిజం. టైపు చేసింది నేను. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని రెండున్నరేళ్లు నా తల ప్రాణం తోకకి తెచ్చింది ఆవిడ. చాటున అందరూ కేటలాగమ్మ అనేవాళ్లు. ఎదురుపడితే మేడమ్ అనేవాళ్లు. నేనూ అంతే.

నేను వెళ్లేసరికి ఆవిడ ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లు దాటింది. రీడింగ్ హాలు వెనక పొడుగాటి గది, గోడ పొడవునా చెక్క సొరుగులు, సొరుగుల నిండా కార్డులు. పుస్తకానికో కార్డు. పేరు, రాసినవాళ్లు, ఎక్కడ అచ్చయింది, ఎన్ని పేజీలు, ఏ విషయం, ఏ అరలో ఉంటుంది. అన్నీ ఆవిడ చేతిరాతే. అరవై వేల కార్డులు ఒక్క మనిషి రాసిందంటే నేను నమ్మలేదు. "లెక్కపెట్టుకో, నాకేం పని లేదనుకున్నావా అబద్ధాలు చెప్పడానికి," అంది. అదే మా పరిచయం.

ఆ కార్డుల్లో ఉన్నదంతా కంప్యూటరులోకి ఎక్కించడం నా పని. మూడు నెలల్లో అయిపోతుందని పెద్ద సారుకి మాటిచ్చేశాను. కుర్రతనం కూడా కాదు, అప్పటికే నాకు ముప్పై ఆరు. వట్టి తలపొగరు.

మొదటి వారమే తల వాచింది. రచయిత పేరుకి నేను రెండు గడులు పెట్టాను. ఆవిడ తెర మీదకి వంగి చూసి, "ముగ్గురు కలిసి రాస్తే?" అంది.

"అలాంటివి తక్కువ కదా మేడమ్. మొదటి ఇద్దరూ చాలు."

"మూడో ఆయన ఏం పాపం చేశాడయ్యా? రాత్రింబవళ్లు కూర్చుని రాసి ఉంటాడు. వాళ్లావిడ వచ్చి మా ఆయన పేరేది అంటే నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

గడులు పెరిగాయి. పుస్తకం పేరుకి ఎనభై అక్షరాలు చాలన్నాను. అంతకంటే పొడుగు పేర్లున్న పుస్తకాలు పద్నాలుగు తెచ్చి నా బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయింది. ముద్రణ సంవత్సరం లేని పుస్తకాన్ని నా ప్రోగ్రాము ఒప్పుకోకపోతే, ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. తేదీ తెలియనంత మాత్రాన మనిషిని పుట్టలేదంటావా అని మర్నాడు అడిగింది. ఇంటికెళ్లి అద్దంలో చూసుకుని ఆవిణ్ణి తిట్టుకున్న రోజులున్నాయి. కానీ పొద్దున్నే వెళ్లి ఆవిడ చెప్పినట్టే మార్చేవాణ్ణి, ఎందుకంటే ప్రతిసారీ ఆవిడ చెప్పిందే సబబు.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా పోట్లాడాను. ఎవరెవరు ఏయే పుస్తకాలు తీసుకెళ్లారో మొత్తం దాచిపెడదామన్నాను. ఎన్ని లెక్కలు తీయొచ్చు! ఎవరికి ఏది నచ్చుతుందో చెప్పొచ్చు. ఆవిడ ససేమిరా అంది. వెనకటికి పుస్తకం చివర అంటించిన కాగితం మీద తీసుకున్నవాళ్ల పేర్లు రాసేవారట. ఒకరోజు ఒకాయన వచ్చి, మా ఆవిడ ఏం చదువుతోందో చూడాలి, ఆ కాగితాలన్నీ తీయండి అన్నాడట. ఈవిడ ఆయన ఎదుటే ఆ కాగితం చింపేసిందట.

"పుస్తకం వెనక్కి వచ్చిందా, ఇక అది ఎవరు చదివారన్నది మనకి అనవసరం. నీ మిషనుకి గుర్తుపెట్టుకోవడమే నేర్పుతున్నావు. కాస్త మర్చిపోవడం కూడా నేర్పు."

నేర్పాను. పుస్తకం తిరిగి రాగానే తీసుకున్న సభ్యుడి నంబరు చెరిగిపోతుంది. ఆ నియమాన్ని ఆవిడే స్వయంగా కాగితం మీద రాసి, పెద్ద సారు చేత సంతకం పెట్టించి, నా బీరువా తలుపుకి అంటించింది. పని పూర్తయినా నన్ను వెళ్లనివ్వలేదు. ఆ గదిలోనే, బీరువా వెనక ఒక బల్ల నాకు స్థిరమైపోయింది. ఇంట్లో కూడా నేనంత కుదురుగా ఉండనని మా ఆవిడ అంటుంది.

కేటలాగమ్మకి పెళ్లి కాలేదు. తల్లీ తనూ రెండు గదుల ఇంట్లో ఉండేవారు. చెల్లెలొకతె, ఏడేళ్లు చిన్నది, పెళ్లై అదే ఊళ్లో అవతలి చివర ఉండేది. బట్టలు కుట్టేది. ఆవిడ తొడుక్కునే జాకెట్లన్నీ ఆ చెల్లెలి చేతివేనని ఒకసారి చెప్పింది. చెప్పినప్పుడు ఆ మొహంలో కనిపించిన మెరుపు నాకింకా గుర్తుంది. ఆవిడ మొహంలో మెరుపులు అరుదు.

తల్లి పోయాక వారం తిరక్కుండా ఈవిడ తల్లి గది సర్దేసింది. పనికొచ్చేవి ఒక పెట్టెలో, ఇచ్చేసేవి ఒక పెట్టెలో, పారేసేవి ఒక పెట్టెలో. పెట్టె మీద చీటీ, చీటీ మీద జాబితా. పాత చీరలు ఎవరికో ఇచ్చేసింది. మంచం, అద్దం, మందుల డబ్బా, సగం అల్లిన స్వెట్టరు, అన్నీ ఒక్క పూటలో. లైబ్రరీలో పాతబడిన పుస్తకాలు తీసేయడానికి ఏం చేస్తుందో ఇంట్లోనూ అదే చేసింది. తనకి వచ్చిన పద్ధతి అదొక్కటే. ఏడవడానికి కూడా చోటు కావాలి కదా, ముందు గది ఖాళీ చేద్దామనుకున్నానయ్యా అని చాలా కాలం తర్వాత నాతో అంది.

చెల్లెలు వచ్చి ఉత్త గదిలో నిలబడిందట. చీటీలు చదివిందట. "నువ్వు అమ్మని కూడా సర్దేశావక్కా," అని వెళ్లిపోయిందట. ఆ తర్వాత ఆరేళ్లు మాటల్లేవు. ఈవిడ వెళ్లలేదు, ఆవిడ రాలేదు. ఇద్దరిదీ ఒకే మొండితనం, ఒక్క కడుపున పుట్టినవాళ్లు కదా. జాకెట్లు పాతబడ్డాయి. చిరిగినచోట ఈవిడే వంకరటింకరగా కుట్టుకుని వేసుకొచ్చేది. బయట కుట్టించుకోవచ్చు కదా అని నోరు జారి అన్నాను. ఆ రోజు నాకు మూడు వందల రికార్డుల్లో తప్పులు కనిపెట్టి ఇచ్చింది.

చెల్లెలు పోయింది. నాలుగు రోజుల జ్వరం, ఆస్పత్రి. మూడో రోజు మరిది ఫోన్ చేస్తే ఈవిడ పరిగెత్తింది, కానీ అప్పటికే మాట పడిపోయింది. మంచం పక్కన కూర్చుని వచ్చింది, అంతే.

మూడు వారాల తర్వాత ఆ మరిది లైబ్రరీకి వచ్చాడు. నెమ్మదస్తుడు, మాట్లాడేముందు గొంతు సవరించుకునే మనిషి. చేతిలో ఒక పుస్తకం, సభ్యత్వ కార్డు. కౌంటరాయన మా గదిలోకి పంపాడు.

"వదినా, ఇది కుట్టుమిషను పక్కన ఉంది. గడువు దాటిపోయినట్టుంది," అన్నాడు.

పుస్తకం పేరు గొర్రెల చర్మవ్యాధులు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది. "మీకు గొర్రెలున్నాయా?"

"మాకెక్కడివి వదినా. నేనూ అడిగాను, ఇదెందుకే అని. నవ్వింది." గొంతు సవరించుకుని అన్నాడు, "ప్రతి గురువారం మీ దగ్గరికి వచ్చినప్పుడు ఏదో ఒకటి తెచ్చుకునేది కదా. మీరే ఇస్తున్నారనుకున్నాను."

"నా దగ్గరికా?"

"అవును. నాలుగేళ్లుగా. గురువారం వచ్చిందంటే కొట్టు మూసేసి, లైబ్రరీకి వెళ్తున్నా, అక్కని చూడాలి అనేది. మీరిద్దరూ కలిసిపోయారని నాకెంత నిశ్చింతగా ఉండేదో."

ఆవిడ పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. నేను బీరువా వెనక ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. "అవును, వచ్చేది," అంది చివరికి. ఆ మనిషికి ఉన్న ఆ ఒక్క నిశ్చింత కూడా పాడు చేయడం ఎందుకనుకుంది కాబోలు. ఆవిడ అబద్ధం చెప్పగా వినడం అదే మొదలు నాకు.

ఆయన వెళ్లాక కౌంటరాయన్ని పిలిచి అడిగింది. గురువారాలు వచ్చేది, కొంచెం నాలాగే ఉంటుంది, గుర్తుందా అని. ఆయన బుర్ర గోక్కున్నాడు. "రోజుకి రెండొందల మంది మేడమ్. నేను చూసేది పుస్తకం వెనక అట్ట. మొహాలెవరు చూస్తారు?" అన్నాడు. పాపం, అబద్ధం కాదు. వాళ్ల పెద్దమ్మాయి పుస్తకానికి వస్తే కార్డు చూపించమన్న ఘనుడు.

రెండు రోజులు ఆవిడ పుస్తకం ముట్టుకోలేదు. మూడో రోజు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"అడగకూడనిది అడుగుతున్నాను. ఈ నంబరు మీద ఏమేం తీసుకుందో కావాలి."

"చెరిగిపోయాయి కదా మేడమ్. మీరే..." అని ఆగిపోయాను.

"నేనే. తెలుసు. నీ దగ్గర ఇంకో నకలేదైనా..."

"వారం కంటే పాతవి ఉంచను. అదీ మీరు చెప్పిందే."

బీరువా తలుపు మీద అంటించిన కాగితం వైపు చూసింది. దాన్ని చించమంటుందేమోనని ఎదురుచూశాను. అడిగి ఉంటే నేనే చించేవాణ్ణి. "నాకు తెలియాల్సింది ఒక్కటేనయ్యా," అంది. "అది పుస్తకాల కోసం వచ్చిందా, నా కోసం వచ్చిందా. నా కోసమే అయితే ఎందుకు లోపలికి రాలేదు? పుస్తకాల కోసమైతే నేను ఊరికే ఇలా అయిపోవడం దేనికి? ఏదో ఒకటి తెలిస్తే ఆ రకంగా ఏడుస్తాను."

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున బస్సులో గుర్తొచ్చింది. ఆ నియమంలో ఒక సందు ఉంది. వెనక్కిచ్చిన పుస్తకాల్లో చిరిగిన పేజీలు కనబడుతున్నాయని కౌంటరాయన గొడవ చేస్తే, చివరిగా తీసుకున్నవారి నంబరు మాత్రం ఇంకొకరు తీసుకునేదాకా ఉంచేలా తర్వాత మార్చాం. చిరిగితే అడగడానికి. అంటే, చెల్లెలి తర్వాత ఇంకెవరూ తాకని పుస్తకాల మీద ఆమె నంబరు ఇంకా ఉండి తీరాలి.

వెతికితే ముప్పై ఒకటి వచ్చాయి. పేర్లూ అరల నంబర్లూ ఒక కాగితం మీద తీసి ఇచ్చాను. ఆవిడ ఆ కాగితం పట్టుకున్న తీరు చూసి నేను మంచినీళ్ల నెపంతో బయటికి వెళ్లిపోయాను.

వంతెనల పునాదులు. తేనెటీగలు. కట్టుడు పళ్ల తయారీ. ఉప్పునీటి చేపలు. పాత గడియారాల మరమ్మతు. మెట్ట భూముల్లో బావులు. ఎవరూ ముట్టని పుస్తకాలు కదా, అలాంటివే ఉంటాయి. కానీ బట్టలు కుట్టే మనిషి ఇవన్నీ ఎందుకు పట్టుకెళ్లినట్టు? ఆవిడ తనకి తెలిసిన విద్యంతా వాడింది. విషయాన్నిబట్టి పేర్చింది. రచయితలనిబట్టి పేర్చింది. అరల నుంచి పుస్తకాలు తెచ్చి వరసగా చదవడం మొదలుపెట్టింది. అరవై వేల పుస్తకాల మొదటి పేజీలు తప్ప లోపల చూసే తీరిక ఎప్పుడూ లేని మనిషి, మధ్యాహ్నం భోజనం మానేసి బావుల తవ్వకం చదివేది. తన పేరు మీద తీసుకుంటే చెల్లెలి నంబరు చెరిగిపోతుంది. అందుకని ఒక్కటీ ఇంటికి తీసుకెళ్లలేదు. అందులో ఎక్కడైనా తనకి ఒక మాట ఉందేమోనని ప్రతి పేజీ వెతికింది. ఒక్క పెన్సిలు గీత కూడా లేదు. ఆవిడ చెల్లెలే కదా, పుస్తకంలో గీతలు గీస్తే అక్క చంపేస్తుందని తెలియదా?

చలికాలం మొదట్లో కౌంటరాయన లోపలికొచ్చాడు. బయట ఒకాయన తేనెటీగల పుస్తకం కోసం వచ్చాడట, దూరం నుంచి. తెరమీద ఉందని చూపిస్తోంది, అరలో లేదు. అది ఆవిడ బల్ల మీద ఉంది, సగం చదివి.

నేను గబగబా ఆవిడ దగ్గరికెళ్లి గొంతు తగ్గించి చెప్పాను. "ఒక్క వాక్యం మారిస్తే చాలు మేడమ్. ఆ ఒక్క నంబరు చెరగకుండా చేసేస్తాను. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తుందిగా," అంది. పుస్తకం మూసి, అట్ట మీద చేత్తో ఒకసారి తుడిచి, ఆయనకిచ్చేసింది. "ఆయనకి తేనెటీగలు కావాలి. నాకు నా చెల్లెలు కావాలి. ఆయన అడిగింది లైబ్రరీలో ఉంది."

మధ్యాహ్నానికి ముప్పై అయ్యాయి. వేసవి వచ్చేసరికి ఇరవై రెండు. ఒక్కోటి తగ్గినప్పుడల్లా కొత్త జాబితా తీయమనేది. ఆవిడ బక్కచిక్కిపోవడం చూసి నాకు మనశ్శాంతి లేకుండా పోయింది. పేరుకి ప్రోగ్రామర్ని, ఎందుకూ పనికిరాని ప్రోగ్రామర్ని.

ఆ వేసవిలోనే ఒకరోజు బద్ధకమేసి, గడులు ఎంచకుండా రికార్డులు మొత్తంగా అచ్చు తీసేశాను. పొడుగాటి కాగితం, ఇరవై రెండు వరసలు, అడ్డదిడ్డంగా తేదీలు. కత్తిరిద్దామని కూర్చుని చూస్తే, రెండు తేదీలు జంటగా కనబడ్డాయి. పుస్తకం కొత్తగా అరలోకి వెళ్లిన తేదీ. చెల్లెలు తీసుకున్న తేదీ. మొదటి వరసలో రెండూ ఒకటే. రెండో వరసలో ఒకటే. కింద దాకా వేలు పెట్టుకుని చూశాను.

ఆవిడ సోమవారం నుంచి బుధవారం దాకా కొత్త పుస్తకాల రికార్డులు రాస్తుంది. గురువారం పొద్దున వాటిని కౌంటరు పక్కనున్న కొత్త పుస్తకాల అరలో పెడతారు. చెల్లెలు ఆ గురువారమే వచ్చి, అక్క చేతిలోంచి అప్పుడే వచ్చినదాన్ని పట్టుకెళ్లేది. గొర్రెలైనా ఒకటే, గడియారాలైనా ఒకటే. పుస్తకం దేని గురించి అని నెలల తరబడి అడిగింది ఈవిడ. ఎప్పుడు తీసుకుంది అని ఒక్కసారి అడగలేదు. కేటలాగు రాసేవాళ్లు తప్ప ఇంకెవరూ అంత చక్కగా ఆ పొరపాటు చేయలేరు. నేనూ ఆవిడ దగ్గరే కదా నేర్చుకుంది.

కాగితం తీసుకెళ్లి ఆవిడ ముందు పరిచాను. చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఒక్కో వరసా తనే చూసుకుంది. నా మాట మీద నమ్మకమెప్పుడుందని.

"ఇదొక్కటి కలవలేదు," అంది.

నిజమే. కట్టుడు పళ్ల పుస్తకం. అరలోకి వెళ్లింది ఒక గురువారం, చెల్లెలు తీసుకున్నది ఆ తర్వాతి గురువారం. "ఒక్కటేగా మేడమ్, ఆ వారం రాలేదేమో," అన్నాను.

ఆవిడ తేదీ వైపే చూస్తోంది. "ఆ వారం నేను సెలవు. బుధవారం దీన్ని రాసి జ్వరంతో ఇంటికెళ్లాను. ముప్పై ఏళ్లలో నేను పెట్టిన సెలవులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, నాకు గుర్తుండదా? గురువారం కౌంటరాయనే పుస్తకాలు అరలో పెట్టాడు." తల ఎత్తింది. "పుస్తకం ఉంది. నేను లేను. తీసుకోలేదు. మళ్లీ వారం నేనున్నాను. తీసుకుంది."

తెలుసుకోవాలనుకున్నది తెలిసింది కదా అనబోయి, నాలుక కరుచుకున్నాను.

"కానీ నేను లేనని దానికెలా తెలిసింది?" అంది. "లోపలికి రాలేదు. ఎవర్నీ అడగలేదు. ఎలా తెలిసింది?"

లేచింది. నన్ను తన కుర్చీలో కూర్చోమంది. ముప్పై ఏళ్లుగా వెనక మెట్ల మీదుగా వచ్చి వెనక మెట్ల మీదుగానే ఇంటికెళ్లే మనిషి, హాలు వైపు తలుపు దాటి, చుట్టూ తిరిగి, మొదటిసారి కౌంటరుకి అవతల, పాఠకులు నిలబడే చోటికి వెళ్లింది. నేను ఆవిడ కుర్చీలో ఆవిడలాగే కూర్చున్నాను, మొహం తెరకి, వీపు తలుపుకి. గాలి కోసం ఆ తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. పిలుస్తుందని చూశాను. పిలవలేదు. హాల్లో పేజీలు తిప్పుతున్న చప్పుడు, కౌంటరు దగ్గర ముద్ర వేస్తున్న చప్పుడు. ఆవిడ చప్పుడు మాత్రం లేదు. ఇక ఉండబట్టలేక తల తిప్పాను.

తలుపులోంచి సూటిగా కనబడింది. కౌంటరు చెక్క మీద రెండు చేతులూ ఆనించి నన్నే చూస్తోంది. అక్కణ్ణుంచి ఆ కుర్చీకి మధ్య పన్నెండడుగులు కూడా లేవు. కళ్ల నిండా నీళ్లు. తుడుచుకోవడం లేదు. ఆవిడ వెనక పుస్తకం పట్టుకుని నిలబడ్డ ఎవరో జరగమన్నట్టు గొంతు సవరించారు. ఆవిడ కదల్లేదు.

నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లాను.

"నువ్వు రెండు నిమిషాల్లో తిరిగి చూశావు," అంది. "అది నాలుగేళ్లు ఇక్కడ నిలబడింది. నేను ఒక్కసారి తిరగలేదయ్యా."